పరీక్ష గదిలో స్టూలు

మా హెడ్‌మిస్ట్రెస్ గారు పోయిన గురువారం కన్నుమూశారు. సంతాపసభలో పూర్వవిద్యార్థులైన మీరంతా ఒకరి తరవాత ఒకరు లేచి, "ఆవిడ పిల్లలందర్నీ ఒకేలా చూశారు" అన్నారు. తప్పు. ఒకేలా చూసింది నేను. అందుకే ఆవిడ చేత తిట్లు తిన్నాను.

మల్కాపురంలోని మా బడిలో రేవులో బస్తాలు మోసేవాళ్ల పిల్లలు చదివేవారు. వరండాలో ఒడియా, బెంగాలీ, హిందీ వినబడేవి. లెక్కల టీచర్నైన నాకు మాత్రం తెలుగే వినబడేది.

ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఒక ఒడియా పిల్ల లెక్కల పరీక్షలో తెల్లకాగితం ఇస్తే సున్నా వేశాను. ఇక చదువు రాదని, రొయ్యలు ఒలిచే షెడ్డులో పెడతానని, వాళ్ల నాన్న టీసీ కోసం వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

హెడ్‌మిస్ట్రెస్ గారిది భీమిలి. ఆఫీసు కాగితాల్లో పుస్తకాల తెలుగు రాసేవారు. కోపం వస్తే మాత్రం ఊరి మాటే.

"ఏటమ్మా, నువ్వెట్టింది లెక్కల పరీచ్చా, తెలుగు పరీచ్చా?"

"అందరికీ ఒకటే పేపరండీ. ఈ పిల్లని వేరేగా చూస్తే మిగతావాళ్లకి అన్యాయం కదా?"

"తెలుగోళ్ల పిల్లల్ని ఆళ్లమ్మ బాసలోనే అడిగేవు కదా. ఈ పిల్లనీ అలాగే అడుగు."

ఇచ్ఛాపురం నుంచి వచ్చిన మా ఆయాకి ఒడియా వచ్చు. పరీక్ష గదిలో స్టూలు వేసి ఆమెని కూర్చోమన్నారు.

"నాకు లెక్కలు రావమ్మగోరూ!"

"అందుకే నిన్ను కూకోమన్నాను. జవాబు సెప్పేయలేవు."

నేను చదివాను, ఆయా ఒడియాలో చెప్పింది, పిల్ల చేసింది. పది లెక్కల్లో తొమ్మిది సరిగ్గా వచ్చాయి. పదోది నేను తప్పుగా ఇచ్చిన లెక్క.

హెడ్‌మిస్ట్రెస్ గారే గేటు దాకా నడిచివెళ్లి ఆ కాగితం తండ్రి చేతిలో పెట్టారు. అతనికి తెలుగు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. చాలాసేపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టీసీ మాట ఎత్తకుండా రేవుకి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి ప్రతి పరీక్షకీ ఆ స్టూలు వేసేవాళ్లం. ఏ భాష పిల్ల ఉంటే ఆ భాష తల్లి వచ్చి కూర్చునేది. ఒక తల్లి ఆపుకోలేక జవాబు కూడా చెప్పేసింది. హెడ్‌మిస్ట్రెస్ గారు తల్లికి టీ ఇచ్చి బయటికి పంపారు, పిల్లకి కొత్త లెక్క ఇచ్చారు.

ఆ ఒడియా పిల్ల ఇప్పుడు రేవులో ఇంజనీరు. నేను ఎవరినీ తేలిగ్గా మెచ్చుకోనని మీకు తెలుసు. హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గర పనిచేశానని మాత్రం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతాను.

ఫొటోకి చందనపు దండ కొంటున్నారట. కొనండి. ముందు పాత సామాన్ల గదిలోంచి ఆ స్టూలు తియ్యండి. ఒక కాలు ఊగుతోంది, వడ్రంగి చేత మేకు కొట్టించండి. సోమవారం పరీక్షలు, ఆరో తరగతిలోకి జార్ఖండ్ నుంచి ఇద్దరు పిల్లలు వచ్చారు. తలుపు పక్కన, వెలుతురు పడేచోట వెయ్యండి. కూర్చున్న తల్లి ముఖం పిల్లలకి కనబడాలి.