అవ్వ పెట్టిన కిటికీ

పుంగనూరులో కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన ఆ దినాల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: విడమర్చి చెబితే వినని మనిషంటూ ఉండడని. మెడలో గుర్తింపు కార్డు, భుజాన మందుల సంచీ, నోటినిండా శిక్షణలో బట్టీపట్టిన వాక్యాలు. ఇంట్లో మా అమ్మే నా మాట ఒక్కటీ వినదన్న సంగతి ఎందుకో లెక్కలోకి రాలేదు.

నాకిచ్చిన వీధిలో ఒకదానికొకటి అతుక్కుని వరసగా పాత మట్టి ఇళ్లు. అన్నీ ఒక అవ్వవే. వీధంతా ఆమెను కోటవ్వ అనేది (గొంతెత్తితే కోట మీద నుంచి అరిచినట్టుండేది). చివరి గదిలో మిషనక్క బాడుగకుండేది. రవికెలు కుట్టి బతికే మనిషి. ఆమెకు టీబీ అని తేలింది. మాత్రలు నేనే తీసుకెళ్లి మింగించేదాన్ని. కానీ ఆ గదికి కిటికీ లేదు. పట్టపగలు కూడా బల్బు వేసుకునే కుట్టేది. గాలాడని గదిలో ఉండకూడదక్కా అంటే, "యాడికి పోయేదమ్మా? ఈ దగ్గుకు ఇంగో ఇల్లు ఎవురిస్తారు?" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు మనసు కుదుట పడలేదు.

మరుసటి రోజే కోటవ్వ ముందు నిలబడి, గోడకు కిటికీ పెట్టించమని ఉపన్యాసం మొదలుపెట్టాను. సగంలోనే ఆమె లేచింది. "గాలి లేదంటావా? మా అత్త ఆ రూములోనే ఐదుమందిని కనింది. రా, సూపిస్తా!" మిషనక్క బయట అరుగు మీద గుండీలు కుడుతోంది. అవ్వ నన్ను గదిలోకి ఈడ్చి, పందెం కాసినదానిలా తలుపు ధడాల్న మూసింది. వానలకు ఉబ్బిన తలుపు బిగుసుకుపోయింది. అప్పుడే కరెంటూ పోయింది (మా కరెంటుకు సమయస్ఫూర్తి ఎక్కువ).

ఇద్దరం కలిసి లాగితే గొళ్లెం ఊడి నా చేతికొచ్చింది. అవతల మిషనక్క తోస్తూ దగ్గుతోంది. "నువ్వు తోయొద్దక్కా, ఎవరినైనా పిలువు!" అని అరిచాను. చీకటి, ఉక్క. బట్టీపట్టిన వాక్యాల్లో ఒక్కటీ గుర్తురాలేదు. కాసేపటికి కోటవ్వ గొంతు చిన్నదైంది.

"నర్సమ్మా, ఆయమ్మి దినామూ ఈడనే పండుకుంటాందా?"

"అవునవ్వా."

ఆమె చీకట్లో తడుముకుంటున్న చప్పుడు. మూలనున్న రోకలి చేతికి దొరికినట్టుంది. "పక్కకు జరుగు" అంది. మరుక్షణం గోడ అదిరింది. డెబ్బై దాటిన మనిషి, ఆయాసపడుతూనే, ఆగకుండా పొడిచింది. నానిన మట్టిపెళ్ల ఒకటి ఊడి అవతల పడింది. వెలుతురు లోపలికి దూకింది.

ఎండ చూడనిదాన్నా నేను? అయినా అట్లాంటి ఎండను ఎప్పుడూ చూడలేదు. అది తిన్నగా వచ్చి మిషన్ మీదున్న సగం కుట్టిన రవికె మీద ఆగింది. ఆ రవికె అంత ఎర్రగా ఉందని మాకప్పుడే తెలిసింది. వెనకే గాలి వచ్చి చల్లగా ముఖానికి తగిలింది. అవ్వ రోకలి పట్టుకుని నోరు తెరిచి నిలబడిపోయింది. నేనూ అంతే. గుడిలో కూడా మేం అంత నిశ్శబ్దంగా ఉండి ఉండం.

ఇంటి చుట్టూ తిరిగొచ్చిన మిషనక్క ముఖం ఆ కన్నంలో కనబడింది. "అవ్వా, బతికే ఉండారా?"

"ఉండాములే! ముందు నువ్వు జరుగు, గాలికి అడ్డం!"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తర్వాత వీధివాళ్లొచ్చి తలుపు బద్దలుకొట్టారు. ఆ వారంలోనే మేస్త్రీ వచ్చి అక్కడ కమ్మీల కిటికీ పెట్టాడు. వరసలో మిగిలిన గదులకూ, ఎవరూ అడగకుండానే, అవ్వ ఒక్కొక్కటిగా పెట్టించింది. మిషనక్క మందులు పూర్తిచేసి కోలుకుంది.

ఆమెను బాగుచేసింది మాత్రలేనని నాకు తెలుసు. కానీ మట్టిగోడలోంచి పగలు పుట్టడం చూసి, ఒళ్లంతా దుమ్ముతో, చేతిలో గొళ్లెంతో కొయ్యబారిపోయిన ఆ పిల్ల, అంటే అప్పటి నేను, గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ ఎండను మొదటిసారి చూసినందుకు ఆమె మీద కాస్త అసూయ కూడా.