నలిగిన తాడు

1969లో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. కాలేజీలో నేర్చిన కొండలెక్కే విద్యతోనే బతకాలని, చేవెళ్లలో ఒక బడి పిల్లలకు నేర్పి చూపడానికి బయల్దేరాను. అక్కడి పెద్దసారుకు నచ్చితేనే ఉద్యోగం. మొయినాబాద్‌లో రాస్తారోకోతో బస్సు ఆగిపోయింది. బడికి ఆలస్యమవుతోంది.

పక్కన కూర్చున్న కల్లుగీసే పెద్దాయన నా ఒళ్లో తాడు చూసి, "గిదెందుకు బిడ్డా?" అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వలేదు. తాడును వేళ్ల మధ్య మెల్లగా జారనిస్తూ ఒకచోట ఆగాడు.

"ఈడ లోపల నలిగింది. నువ్వెక్కితే నీ పానం. పిల్లలెక్కితే?"

నేనూ అక్కడే వేళ్లతో నొక్కి చూశాను; లోపల మెత్తగా తగిలింది.

బడికి చేరగానే, తాడు బాగాలేదు, ఇవాళ పిల్లలను ఎక్కించలేనని చెప్పాను. పెద్దసారు పిల్లలను తిరిగి తరగతికి పంపేశాడు. ఉద్యోగం పోయిందనుకుని గేటు దాకా వచ్చాను.

వెనక నుంచి పెద్దసారు పిలిచాడు. "కొత్త తాడు ఎప్పుడు తెస్తవ్?"