చెరువు కట్ట మీద తాళం పగలగొట్టిన మా మేనత్త

పోయిన నెలలో మా మేనత్త చనిపోయింది. చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడి ఉంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అత్త పోయిందక్కా. పొద్దుగాల చాయ తాగింది, కూసున్నకాడనే పానం ఇడిసింది" అన్నాడు. ఊరు చేరేదాకా ఏడుపు రాలేదు. ఆమె గొంతే చెవుల్లో వినిపిస్తూ ఉంది. మెల్లగా మాట్లాడటం ఆమెకు చేతకాదు.

మహబూబ్‌నగర్ దిక్కున్న మా ఊరి చెరువును తెలంగాణ వచ్చాక బాగుచేశారు. కట్ట మీద నడకదారి, పిల్లలకు ఉయ్యాలలు, నీళ్లలో తొక్కుడు పడవలు వచ్చాయి. ఆదివారమైతే కోస్గి నుంచి కూడా కుటుంబాలు దిగేవి. పడవలెక్కే చోట మేనత్త మక్క కంకులు కాల్చి అమ్మేది. లేత కంకులు పళ్లు లేని ముసలివాళ్లకని పక్కన పెట్టేది. నిమ్మచెక్క రుద్దుతూ ప్రతి ఒక్కరినీ ఏ ఊరని అడిగేది.

ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టారు గానీ దానికి ఎప్పుడూ తాళమే. చెరువు నడిపే కాంట్రాక్టరు మనుషులు అందులో కూల్‌డ్రింక్ పెట్టెలు పేర్చుకున్నారు. ఒక ఆదివారం ఒక నిండు గర్భిణి ఆ తాళం చూసి, వేరే దారిలేక కట్ట కింద తుమ్మచెట్ల చాటుకు పోయింది. పైనుంచి ఎవరో ఈలలు వేశారు. ఆమె ఏడుస్తూ పైకెక్కి రావడం మేనత్త చూసింది.

నేరుగా మేనేజరు దగ్గరికి పోయి తాళంచెవి అడిగింది.

"పెద్దసార్లు వస్తెనే తీస్తం. నీ కంకులు నువ్వు కాల్చుకో" అన్నాడతను.

"టికెట్టు ఇచ్చేటప్పుడు కనవడలేదా గామె ఆడదని?"

మొక్కల దగ్గరున్న గడ్డపార తెచ్చి, అందరి ముందరే తాళం పగలగొట్టింది. పెట్టెలన్నీ బయట పెట్టి, చెరువు నీళ్లు మోసి లోపల కడిగింది. "రాండ్రి బిడ్డా" అని ఆడవాళ్లను పిలిచింది.

సాయంత్రానికి పోలీసు వచ్చాడు. మేనత్త తడబడలేదు. "నేనే పగలగొట్టిన. రాస్కో సారూ. ఎందుకు పగలగొట్టిన్నో గది గూడ రాయి" అంది. ఆయన రాయకుండానే వెళ్లిపోయాడు. కాంట్రాక్టరు మనుషులు మాత్రం ఆమె బండిని గేటు బయటికి తోసేశారు. తెల్లారేసరికి మరుగుదొడ్డి తలుపుకు కొత్త తాళం.

నేను ఫోన్ చేసి, "ఒక్కమాట తప్పయిందని చెప్పరాదే అత్తా, బండి లోపలికి రానిస్తరు" అన్నాను.

"నీ ఫ్యాక్టరీల నీకు పోనీకి జాగా ఉన్నదా?" అని అడిగింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మాకున్న ఒక్క మరుగుదొడ్డీ అవతలి షెడ్డులో ఉంది, అడిగి పోవాలి. అందుకే షిఫ్టు అయ్యేదాకా నీళ్లు తాగేదాన్ని కాదు.

"దూప సంపుకొని పన్జేస్తున్నవు. గదే మర్యాద అనుకుంటున్నవు" అంది.

ఆ మాట నాకు తగిలింది. ఆ వారమే మా లైనులోని ఆడవాళ్లమంతా కలిసి, మా షెడ్డులోనే మరుగుదొడ్డి కావాలని సూపర్‌వైజరు ముందు నిలబడ్డాం.

ఊళ్లో మేనత్త చెరువు గేటు బయటే పొయ్యి పెట్టింది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది: "లోపల మనకు తాళమేసిన్రు బిడ్డా. తీసేదాక టికెట్టు తీస్కోకుండ్రి." కొందరు నవ్వి లోపలికి పోయారు. ఎక్కువమంది ఆగారు. పొద్దున్నే నడవడానికొచ్చే టీచరమ్మ, గాజుల దుకాణం చాచీ ఆమె పక్కన కూర్చున్నారు. మూడో ఆదివారం పడవలన్నీ ఒడ్డునే ఉండిపోయాయి. మేనేజరే వచ్చి తాళం తీశాడు.

"ఇగ బండి లోపలికి తెచ్చుకో" అన్నాడు.

"ముందుగాల నల్లాల నీళ్లు రానీ" అంది మేనత్త. మరుగుదొడ్డి కొళాయిలో నీళ్లు వచ్చాకే బండి కదిలించింది.

కాళ్లు వాచి నడవడమే కష్టమైన ఈ ఆఖరి ఏడాది కూడా పొద్దున్నే పోయి నల్లా తిప్పి చూసేది. "అక్కెరున్నది అడగనీకి సిగ్గేంది?" అనేది. ఆమెను నోటిదురుసు మనిషి అన్నవాళ్లున్నారు. అననివ్వండి.

దినాలు అయ్యాక చెరువుకు పోయాను. ఆమె బొమ్మతో గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టిస్తానన్నాడు మేనేజరు.

"బొమ్మ వద్దన్నా. నీళ్లు బందు కావొద్దు. బందయితే అడగనీకి నేనొస్త" అన్నాను.

అప్పుడే మరుగుదొడ్డి లోపలి నుంచి ఓ చిన్నపిల్ల బయటికొచ్చింది. తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ, ఎండలో తళతళలాడే నీళ్లవైపు, పడవల దిక్కు ఉరికింది.