మైకు గవర్రాజు గారూ, మీ మాట విన్నాం

నిన్న సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, "మైకు గవర్రాజు గారు పోయారే" అంది.

"ఏ గవర్రాజు?" అన్నాను.

మా నిడదవోలులో మాకు తెలిసిన గవర్రాజు ఆయనొక్కరే. అయినా అడిగాను. ఇంకెవరో అయితే బాగుండునని.

ఊళ్ళో గొప్పవాళ్ళెవరంటే అందరూ డాక్టర్ల పేర్లు, లీడర్ల పేర్లు చెబుతారు. మా వీధిని అడగండి, ముందు ఈయన పేరే వస్తుంది.

ఇప్పటి పిల్లలకు తెలియదు. తొంభైల్లో కొత్త సినిమా వస్తే రిక్షాకు రెండు వైపులా పోస్టర్ బోర్డులు కట్టి, మైకు పెట్టి ఊరంతా తిప్పేవారు. లోపల కూర్చుని చెప్పేది మా గవర్రాజు బాబాయ్.

అబ్బ, ఏం గొంతండీ అది! అట్టర్ ఫ్లాప్ సినిమా కూడా ఆయన చెబితే హండ్రెడ్ డేస్ ఆడేస్తుందనిపించేది. ఆ మాటలు నమ్మి వెళ్ళి, తిట్టుకుంటూ ఇంటర్వెల్‌లోనే తిరిగొచ్చిన బాధితుల్లో మా నాన్న సీనియర్.

నేను ఎనిమిదో క్లాసులో ఉండగా ఒక ముసురు పట్టింది. ఎర్రకాలువ గట్టు తెగేలా ఉందన్నారు. నాన్న రైల్వే డ్యూటీలో ఎక్కడో చిక్కుకుపోయారు. అమ్మకు నెలలు నిండాయి. మాది మట్టిగోడల ఇల్లు.

ఆఫీసర్లు వచ్చి ఖాళీ చేయమని చెప్పి వెళ్ళారు. మామ్మ వింటేనా! "నేను కాపురానికొచ్చాక ఈ వీధిలోకి నీళ్ళు రాలేదు. కదిలేది లేదు" అని అరుగు మీద బైఠాయించింది. ఆవిడను చూసి వీధి మొత్తం కదలలేదు.

అప్పుడు గవర్రాజు బాబాయ్‌ని పంపారు. వానలో రిక్షా వచ్చింది. ఆయన మైకు అందుకున్నారు.

అలవాటు ఊరుకుంటుందా?

"నేడే! నేడే! మీ అభిమాన ఎర్రకాలువ..."

వీధంతా ఒకటే నవ్వు. మామ్మ అయితే, "రోజుకెన్ని ఆటలండీ గవర్రాజు గారూ?" అని అరిచింది.

రిక్షా ఆగిపోయింది. మైకు ఆన్‌లోనే ఉంది. ఆయన ఊపిరి వినిపించింది.

తర్వాత చాలా చిన్న గొంతు.

"అది కాదండి... నాకు భయంగా ఉందండి. ఇప్పుడే గట్టు చూసొచ్చాను. మా పిల్లల్ని హైస్కూల్లో దింపేసి వచ్చాను. మీరూ వచ్చేయండి. బాబ్బాబు, ఈ ఒక్కసారికి నా మాట నమ్మండి."

చివరి మాట ఏడుస్తూనే అన్నారు.

ఆయనకు అలాంటి గొంతు ఒకటుందని మాకు తెలియనే తెలియదు. ఎవరూ నవ్వలేదు. మామ్మ అరుగు దిగి తలుపుకు తాళం వేసింది.

బాబాయ్ పోస్టర్ బోర్డులు విప్పి పక్కన పారేసి, అమ్మను ఆ రిక్షాలో తన సీట్లో కూర్చోబెట్టారు. మోకాలి లోతు నీళ్ళలో హైస్కూలు దాకా వెనక నుంచి తోసుకుంటూ వచ్చారు.

చీకటి పడకముందే గట్టు తెగింది. మా ఇంట్లో ముందు కూలింది అమ్మ పడుకునే గది గోడే.

వీధిలో ఒక్క ప్రాణం పోలేదు. పైగా ఒకటి పెరిగింది. తమ్ముడు ఆ హైస్కూల్లోనే, టెన్త్ బి సెక్షన్ గదిలో పుట్టాడు. "పుట్టడమే టెన్త్‌లో పుట్టాడు నా మనవడు" అని మామ్మ ఒకటే గొప్పలు పోయేది.

బాబాయ్ మాత్రం ఆ రోజు సంగతి ఎత్తితే సిగ్గుపడిపోయేవారు. "ఛఛ, మైకులో ఏడ్చానమ్మా. లైఫ్‌లో నా వరస్ట్ అనౌన్స్‌మెంట్ అది" అనేవారు.

ఒకసారి అమ్మ అంది: "మీరు చెప్పిన సినిమాలన్నీ మర్చిపోయానండి అన్నయ్యగారూ. అదొక్కటే గుర్తుంది."

ఆయన నవ్వేశారు. ఒప్పుకోలేదు.

ఇప్పుడైనా ఒప్పుకోండి బాబాయ్. ఆ రోజు మీరు భయమేస్తోందని చెప్పబట్టే మేమంతా ఇలా బతికి, పిల్లాపాపలతో ఉన్నాం.

వెళ్ళిరండి. ఎంత వానొచ్చినా భయమన్నది లేని చోట మీ మనసు చల్లగా ఉండాలి.