నేను అతికించిన ముఖం

దయ్యాల మాట వచ్చినప్పుడు మా ఇంట్లో నన్ను దగ్గర కూర్చోనివ్వరు. ఎవరైనా కథ మొదలుపెడితే, చూసింది ఎవరు, ఎంత దూరం నుంచి చూశారు, అప్పుడు కరెంటు ఉందా అని అడిగి చెడగొడతానని వాళ్ల బాధ. ఇప్పటికీ అట్లాగే అడుగుతాను. ఇది చదివి నేను మారిపోయానని ఎవరూ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మా సార్ కంట పడితే ఇంకా మంచిదని కూడా రాస్తున్నాను.

నేను నిజామాబాద్‌లో గ్రాఫిక్ డిజైన్ కోర్సులో చేరాను. బోధన్ పక్కన మా ఊరు. రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. మా సార్‌కు నా మీద మొదటి నుంచీ చిన్నచూపే. మొదట్లో నేను చేసిన ఒక పోస్టర్‌ను తెర మీద వేసి, "ఇది పోస్టరా అమ్మా, పసుపు ప్యాకెట్టా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. తెర రెపరెపలాడే కంప్యూటర్ నాకే ఇచ్చాడు. మార్చమంటే అర్జీ రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. కోర్సు అయిపోయేదాకా ఆ తెర ముందే కూర్చున్నాను.

ఆఖరి ప్రాజెక్టుగా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చేయమన్నాడు. బయటికి పోతే మాకు దొరికే పనిలో సగం ఫ్లెక్సీలే. పుట్టినరోజు, నాయకుడికి స్వాగతం, లేకపోతే చావు. సార్ పెట్టిన నియమం ఒక్కటే. నిజమైన మనిషి ఫోటో వాడొద్దు. బతికున్నవాళ్ల ఫోటోకు దండ వేస్తే ఏ ఇంట్లోనూ ఊరుకోరు. పోయినవాళ్లదైతే ఆ ఇంటివాళ్లను అడగాలి. "మనిషిని మీరే పుట్టించుండ్రి, మీరే సాగనంపుండ్రి" అన్నాడు.

మిగతావాళ్లు ఇంటర్‌నెట్‌లో ఏదో ముఖం దింపుకుని రంగు మార్చారు. నేను అట్లా చేయలేదు. మా నాన్నను బాపు అంటాం. బాపు ఫోటోలోంచి కళ్లు తీసుకున్నాను. మేనమామ నుదురు. తమ్ముడి పెదవులు, దవడ. ముక్కు నాదే. మీసం ఒక్కో వెంట్రుకా గీసి, నెరిసినట్టు తెల్లరంగు వేశాను. చెంపల మీద ముడతలు వేశాను. బాపుకు చెప్పలేదు. నిండు ముఖానికి దండ వేస్తే తప్పు గానీ, ముక్కలకు ఏం తప్పుంటుంది అనుకున్నాను. మా చుట్టాల్లో ఎక్కడా లేని పేరు కావాలని పోశెట్టి అని రాశాను.

ఒక్కచోట మాత్రం ఇబ్బంది వచ్చింది. మామ నుదురూ బాపు కళ్లూ కలిసే అతుకు ఎడమ కనుబొమ మీద పడింది. అక్కడ వెంట్రుకల్లో సన్నని ఖాళీ. దాన్ని పూడ్చి సేవ్ చేశాను. మరునాడు తెరిస్తే ఖాళీ మళ్లీ ఉంది. రెపరెపలాడే ఆ కంప్యూటర్‌నే తిట్టుకుని, ఇంట్లో నా లాప్‌టాప్‌లో పూడ్చాను. పొద్దున చూస్తే మళ్లీ అంతే. సేవ్ కాలేదేమో అనుకుని ఇంకోసారి చేశాను. మళ్లీ వచ్చింది. చివరికి విసిగి వదిలేశాను. సార్ చూడగానే వేలు అక్కడే పెట్టి, "అతుకు కనబడుతుంది, చూసుకోవా?" అన్నాడు. చూసుకున్నానని చెప్తే వినే మనిషి కాదు.

ఫ్లెక్సీ ప్రింటుకు ఇచ్చాను. దుకాణం నడిపే అన్న అది ఆరడానికని బయట రెయిలింగుకు కట్టాడు, నన్ను అడగకుండానే. తరువాత నిలదీస్తే, "లోపల చుట్టి పెడితే రంగు అంటుకుంటదమ్మా, గందుకే కట్టిన" అన్నాడు. అట్లా రోడ్డున పోయేవాళ్లందరికీ పోశెట్టి కనబడ్డాడు.

రెండు రోజులకు ఒక పెద్దావిడ మరిదిని వెంటబెట్టుకుని మా క్లాసుకే వచ్చింది. పేరు నర్సవ్వ. బోధన్ అవతల చెరకు పండించే ఊరు. దవాఖానకు వచ్చి ఆటోలో పోతుంటే ఫ్లెక్సీ కనబడిందట. దుకాణంలో అడిగి ఇక్కడిదాకా వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాం. ఏడవలేదు. కొట్లాటకు వచ్చినట్టు వచ్చింది.

"మొఖం మంచిగనే తీసిండ్రు. పేరే తప్పు రాసిండ్రు. మా ఆయన పేరు సాయిలు. పోశెట్టి ఎవ్వడు?"

ఆయన నేను చేసిన మనిషి, నిజంగా లేడు అని చెప్పాను. ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "ఆయనతోని నలుగురు పిల్లల్ని కన్న. లేడంటవేంది?"

ఆమె భర్త చెరకు బండి తోలేవాడట. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఉన్న ఒక్క ఫోటో ఒక వానాకాలం ఇల్లు కురిసి, పెట్టెలోనే నాని ముద్దయిపోయిందట. పెత్రమాస వచ్చిన ప్రతిసారీ పెద్దలకు అన్నం పెట్టేటప్పుడు అత్తమామల ఫోటోలు ఉంటాయి, మొగుడిది ఉండదు. ఉత్త గోడకు మొక్కుతుంది. ఆ ఫోటో ఎక్కడో ఇంకొకటి ఉందని, అది నాకు దొరికిందని ఆమె నమ్మకం.

సార్ మరిదిని పక్కకు పిలిచి, గుర్తేమన్నా ఉందా అని అడిగాడు. ఆయన తడుముకోకుండా చెప్పాడు. ఎడమ కనుబొమ తెగి ఉంటుంది. వయసులో చెరకు కొట్టేటప్పుడు కత్తి తగిలింది. ఆ గీత మీద మళ్లీ వెంట్రుక మొలవలేదు.

క్లాసు మొత్తం నా వైపు తిరిగింది.

నేను ఫైలు తెరిచి లేయర్లు చూపించాను. లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పరిచిన అద్దాల్లాంటివి. ఒక్కో అద్దం మీద ఒక్కో ముక్క ఉంటుంది. బాపు ఫోటో, మామ ఫోటో కూడా పక్కన పెట్టి చూపించాను. సార్ చూశాడు. "అసలు ఫోటోనే ముక్కలు కోసి పేర్చినా ఇట్లనే వస్తది గదమ్మా. కండ్లు అందరివీ ఒక్క తీరే ఉంటయి" అన్నాడు. మార్కులు ఆపేశాడు. ఈ ఫోటో తన భర్తది కాదని ఆమె నోటితో చెప్పిస్తేనే వేస్తానన్నాడు. ఈ ప్రాజెక్టు పోతే సర్టిఫికెట్టే రాదు.

దొంగతనం అంటగట్టించుకుని ఊరుకునేదాన్ని కాదు. ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని వాళ్ల ఊరికి పోయాను. ఆటో దిగి నడుస్తుంటే రెండు వైపులా చెరకు మనిషెత్తు దాటి ఉంది. నర్సవ్వ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "ఫోటో తెచ్చినవా?" అంది. తేలేదు. ఒకటి చూపిస్తానన్నాను. మా సార్‌కు సాక్ష్యం కావాలి కాబట్టి, ఫోన్‌ను పక్కగా ఒక చెంబుకు ఆనించి, తెరా ఆమె ముఖమూ రెండూ పడేలా వీడియో పెట్టాను.

ఫైలు తెరిచాను. ఒక్కో ముక్కా తీసేస్తూ పోతే ఆమెకే అర్థమవుతుందని నా ఆలోచన. ముందు మీసం తీశాను. "ఇది నేను గీసింది" అన్నాను. ఆమె తలూపింది. నుదురు తీశాను. దవడ తీశాను. ముక్కు తీసి, నా ముక్కు పట్టుకుని చూపించాను. ఆమె నవ్వింది. చివరికి బాపు కళ్లు తీశాను. తెర మీద బూడిద రంగు, తెలుపు గడులు తప్ప ఏమీ మిగల్లేదు. లోపల బొమ్మ లేదంటే ఆ గడులే కనబడతాయి.

"చూసినవా అవ్వా? ఎవ్వరు లేరు" అన్నాను.

"ఉన్నడు గదా బిడ్డా" అంది.

నేను తెర చూశాను. గడులే ఉన్నాయి. ఆమె ముందుకు వంగి, చిక్కుడు పీచు అంటిన వేలితో ఆ గడుల మీద తడిమింది. వేలు సరిగ్గా ఎడమ కనుబొమ ఉండే చోట ఆగింది. అక్కడ అడ్డంగా చిన్న గీత గీసింది. మరిది లోపలి నుంచి వచ్చి, ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. "మీసం మీద నలుపు జరంత ఎక్కువైంది. గప్పటికే నెరిసిపాయె అన్నకు" అన్నాడు.

గబుక్కున లాప్‌టాప్ మూసేశాను. ఆమె చాయ్ తాగి పొమ్మంది గానీ నేను ఆగలేదు.

బస్సులో ఆ వీడియో మళ్లీ మళ్లీ చూసుకున్నాను. అందులో ముక్కలు ఒక్కొక్కటే పోయాయి, గడులు వచ్చాయి. ఆమె ఖాళీ తెర మీద వేలు పెట్టి మొగుణ్ని చూపిస్తోంది. భయం పోయి నాకు ధైర్యం వచ్చింది. ఖాళీ తెరలో కూడా మొగుణ్ని చూసే మనిషి, ఫ్లెక్సీలో చూడదా? ఇక సార్ నోరెత్తలేడు అనుకున్నాను.

మరునాడు వీడియో సార్ చేతిలో పెట్టాను. చివరిదాకా చూసి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"నువ్వు ఒక్క లేయరు గూడ తీయలే గదమ్మా. వట్టిగ బటన్లు నొక్కినవ్. మొఖం గట్లనే ఉంది."

ఎప్పటిలాగే నన్ను ఏడిపిస్తున్నాడని అనుకున్నాను. పక్క సీటు పిల్లకు చూపించాను. పసుపు ప్యాకెట్టన్నప్పుడు నవ్వినవాళ్లలో అదీ ఉంది. ముఖం ఉందనే చెప్పింది. సార్‌కు భయపడిందిలే అనుకున్నాను. ఇంటికి పోయి బాపు ముందు పెట్టాను. ముందుగా ఒక్క ముక్క కూడా చెప్పలేదు. బాపుకు సార్ ఎవరో, లేయరంటే ఏమిటో తెలియదు. గడులు వచ్చినచోట వీడియో ఆపి అడిగాను.

"ఏం కనబడుతుంది బాపూ?"

"ఎవరో ముసలాయన." కళ్లద్దాలు సర్దుకుని ఇంకా దగ్గరికి తీసుకున్నాడు. "యాడనో చూసిన ఈయనను. ఎవరు బిడ్డా?"

ఆ కళ్లు నీవే అని చెప్పకుండా, ఫోన్ తీసుకుని లోపలికి పోయాను.

సార్ ఒక దారి చూపించాడు. వాళ్ల ఇంటి ఫోటో వాడుకున్నాను, తప్పయింది అని ఒప్పుకుంటే పాస్ మార్కులు వేస్తానన్నాడు. చేయని తప్పు ఒప్పుకోనన్నాను. ఫెయిల్ చేశాడు. పైవాళ్లకు ఫిర్యాదు పెట్టాను. జవాబు రాలేదు. మళ్లీ పెట్టాను.

నర్సవ్వ మీద నాకు కోపం లేదు. పెత్రమాస ముందు పోశెట్టి తీసి సాయిలు అని రాసి, మీసం ఇంకాస్త తెల్లగా చేసి, ఫోటో కట్టించి తీసుకుపోయి ఇచ్చాను. వాళ్ల ఫోటోయేనని నువ్వే ఒప్పుకున్నట్టయింది అని సార్ అన్నాడట. అననీ. కనుబొమ మాత్రం ముట్టుకోలేదు. ఆమె దాన్ని ఒడిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తరువాత కొంగుతో అద్దం తుడిచి గోడకు తగిలించింది. ఈసారి విస్తరి ఆ గోడ కింద వేస్తానంది.

ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తెరిచి, ముక్కలన్నీ తీసేసి కూర్చుంటాను. తెర వెలుతురు పెంచి చూస్తాను, తగ్గించి చూస్తాను, పక్క నుంచి చూస్తాను. నర్సవ్వ చూసింది. మరిది చూశాడు, సార్ చూశాడు, బాపు చూశాడు. దీనికి కారణం చెప్పమంటే నా దగ్గర లేదు. ఇన్నాళ్లు కూర్చుని ఆయన్ని చేసింది నేను. గడుల మధ్య ఆయన నాకు ఒక్కసారి కూడా కనబడలేదు.