చిన్నాయన జీపూ నా రసమట్టమూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి రెండు నెలలు కాలేదు (మూడు సబ్జెక్టులు రెండోసారి రాసి గట్టెక్కిన సంగతి ఇప్పుడెందుకు లెండి), బాగేపల్లిలో సైకిల్ చెయిను తెగినా, మిక్సీ మొరాయించినా నన్ను అడగకుండా ఎవరూ బాగుచేయించుకోకూడదని నా అభిప్రాయం. ఊరికి ఆ అభిప్రాయం లేదు. మా నాయనకైతే అసలే లేదు. ఆయనకు బజారువీధిలో కిరాణా అంగడి ఉండేది. ఒక్కగానొక్క కొడుకుని కాబట్టి నేను అందులో కూర్చుని బెల్లం తూయాలని ఆయన కోరిక. నాకేమో చిక్కబళ్ళాపురంలో ఒక గ్యారేజీవాళ్ళు పనికి రమ్మని కబురు పెట్టారు. బస్సెక్కితే గంట ప్రయాణం. మా నాయన ముఖం చూస్తే మాత్రం నేను సప్తసముద్రాలూ దాటి పోతున్నట్టుండేది.

సరిగ్గా అప్పుడే మా చిన్నాయన ఒక జీపు కొన్నాడు. ఆయన చాకవేలులో సేద్యం చూసుకునేవాడు. మా వంశం మొత్తంలో నన్ను ఇంజనీరని పిలిచిన మనిషి ఆయనొక్కడే. ఆ జీపు మామూలు జీపు కాదు, నాలుగు చక్రాలకూ కమాను పట్టీల బదులు కాయిల్ స్ప్రింగులు. రాళ్ళూ గుట్టలూ ఎక్కించాలనే సరదాకొద్దీ పాత యజమాని దానికి పొడుగాటి స్ప్రింగులు వేయించి ఎత్తు పెంచాడు. అది చాలక ముందువైపు పెద్ద ఇనుప బంపరు బిగించాడు. ఆ బరువుకి ముందుభాగం కొంచెం దిగిపోయి, బండి ఎప్పుడూ నేలమీద ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టుండేది. మా అవ్వ చూడగానే, "ఎక్కేదానికి నిచ్చెన కావాల, దిగేదానికి దేవుడు కావాల. ఇదేం బండిరా?" అంది. (ఆ తరువాత ముందు సీటు ఇంకొకరికి ఇవ్వనిదీ ఆవిడే.)

దీనికి మందు స్పేసర్ అని నేను ప్రకటించాను. స్పేసర్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు, స్ప్రింగు నెత్తిన పెట్టే మందపాటి వలయం. దాని మందాన్ని బట్టి బండి ఆ మూల పైకి లేస్తుంది. విద్యంతా ఏ మూలకు ఎంత మందం అని తేల్చడంలో ఉంది. చిన్నాయన సంబరపడిపోయి మా నాయన దగ్గర పందెం కాశాడు. "అన్నా, వీడు నా జీపుని సమంగా నిలబెడితే గ్యారేజీకి పంపించు. నిలబెట్టలేకపోతే మారు మాట్లాడకుండా అంగట్లో కూర్చుంటాడు. ఏమంటావు?" మా నాయన మీసం దువ్వుకుని, "సరే, వచ్చే ఆదివారం దాకా టైము" అన్నాడు. అంత సులభంగా ఒప్పుకున్నాడేమిటని నాకు అనుమానం రావలసింది. రాలేదు.

మా ఇంటి ముందు మా తాత పరిపించిన బండల వాకిలి ఉంది. జీపుని అందులో తూర్పు గేటుకి ఎదురుగా నిలబెట్టాను. టేపుతో కొలవడం మెకానిక్కుల పని, ఇంజనీరు అలా కొలవడు కదా! పక్కవీధి మేస్త్రీని అడిగి ఆయన గోడలు కట్టేటప్పుడు వాడే రసమట్టం తెచ్చి బంపరు మీద పెట్టాను. అద్దంలోని బుడగ మధ్యలో ఆగకుండా కుడివైపుకి పరుగెత్తింది. అంటే బండి ముందుకి దిగడమే కాదు, ఎడమకి కూడా ఒరిగిందన్నమాట! ఎవరూ కనిపెట్టని రోగాన్ని కనిపెట్టిన వైద్యుడిలా పొంగిపోయాను. నోటుపుస్తకంలో రెండు పేజీలు లెక్కలు వేసి ఎడమకి నలభై మిల్లీమీటర్లు, కుడికి పదిహేను అని తేల్చాను. మా నాయన అరుగుమీద పేపరు చదువుకుంటూ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఒక్కమాటా అనలేదు.

స్పేసర్లు చేయించడానికి నేనూ చిన్నాయనా చింతామణికి వెళ్ళాం. అక్కడి లేత్ షెడ్డాయన్ని అందరూ మిల్లీమీటర్ మామ అనేవాళ్ళు. "రబ్బరైతే అణిగిపోతాదప్పా, ఇనుమైతే గుంతలో పడినప్పుడల్లా కొట్టుకుంటాది. నైలాను వేసుకో," అన్నాడు. నా కొలతలు చూసి కళ్ళద్దాలు నుదుటిమీదికి ఎత్తుకున్నాడు. "రెండుపక్కలా ఉండేది ఒకటే స్ప్రింగు, ఉండేది ఒకటే బంపరు. ఇంత తేడా యాడనుంచి వచ్చిండాది? బండిని యాడ పెట్టి కొలిచినావు?"

"మా ఇంట్లోనే మామా."

"ఈడ ఒకతూరి కొలువప్పా."

"అవసరం లేదు మామా, లెక్క చూసినా," అన్నాను. (ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) ఆయన చెప్పినట్టే చేసి, షెడ్డులోనే బిగించి, బండిని కిందికి దించాడు. జీపు కుడివైపుకి ఒరిగి నిలబడింది. చిన్నాయన నావైపు చూశాడు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా, "మీ షెడ్డు నేల వంకరగా ఉండాది మామా," అన్నాను. లేత్ ఆగిపోయింది. "నా నేల వంకరా? మిషను నిలబెట్టిన నేలప్పా ఇది! మూడు దినాలు మట్టం చూసి వేసినా!" ఆయన ఇంకా ఏమేమో అంటుండగానే మేము బండెక్కేశాం.

ఇంటికొచ్చి వాకిట్లో నిలబెట్టి రసమట్టం పెడితే బుడగ ముత్యంలా మధ్యలో కూర్చుంది! ఆ పూట నా నడకే మారిపోయింది. మరునాడు బస్టాండు దగ్గరికి తీసుకెళ్తే టీ అంగడి ముందున్నవాళ్ళంతా, "ఏమప్పా, మీ జీపుకి కుడికాలు నొప్పా?" అని అడిగారు. ఇంట్లో నిటారు, వీధిలో వంకర. ఇదేం మాయరోగమో నాకు అంతుపట్టలేదు. టైర్లలో గాలి మార్చాను, స్టెప్నీ దించాను. చివరికి, "డ్రైవరు సీటు కుడిపక్కనే కదా చిన్నాయనా, నీ బరువే," అన్నాను. ఆ మహానుభావుడు నమ్మాడు! పందెం తేలేదాకా మా ఇంట్లోనే మకాం వేసినవాడు, ఆ రాత్రి రాగి సంగటి ఒక ముద్ద తగ్గించి తిన్నాడు. నా జీవితంలో నన్ను అంతగా నమ్మిన మనిషి మరొకరు లేరు.

ఆదివారం వచ్చింది. నేను జీపు పక్కన దిగాలుగా కూర్చున్నాను. కళ్ళముందు బెల్లం దిమ్మెలూ తక్కెడా కనిపిస్తున్నాయి. అవ్వ బకెట్లతో నీళ్ళు పోస్తూ వాకిలి కడుగుతోంది. ఆ నీళ్ళు జీపు కింద దూరి, ఎడమవైపు ముందు చక్రం పక్కనుంచి పారి, గోడ మూలనున్న తూములోంచి బయటికి పోయాయి. నేను పుట్టినప్పటినుంచీ రోజూ అటే పోతున్నాయి. ఆ రోజే చూశాను.

"అవ్వా, నీళ్ళు ఆ మూలకే పోతాండాయెందుకు?"

"ఇంక యాటికి పోతాయిరా? ఈశాన్యం పల్లముండాల కదా. మీ తాత వాస్తు చూపించి వేయించినాడు. బండలు పరిచేటప్పుడు దారం పట్టుకోనుండింది మీ నాయనే."

నేను అరుగువైపు తిరిగాను. మా నాయన చేతిలోని పేపరు మెల్లగా పైకి లేచి ఆయన ముఖాన్ని పూర్తిగా కప్పేసింది. అవ్వ బకెట్టు కింద పెట్టింది. "ఏమప్పా, బిడ్డ వారం దినాలుగా ఆ బండితో తల బద్దలు కొట్టుకుంటాంటే ఒక మాట చెప్పకూడదా నువ్వు?"

పేపరు దిగలేదు. దాని వెనకనుంచి చిన్న గొంతు వినిపించింది. "చెప్తే పోతాడు కదమ్మా."

అప్పటిదాకా నాకు పొంగుకొస్తున్న కోపం ఎటు పోయిందో తెలియదు. మా నాయనకి నేను కావాలని నాకు తెలుసు గాని, అంగడిలో మనిషిగానే కావాలేమో అనుకున్నాను. ఇంట్లో మనిషిగా అని అనుకోలేదు. కాసేపటికి ఆయనే పేపరు మడిచి, "టైము సాయంత్రం దాకా ఉండాది. పోయి మీ చిన్నాయన్ని లేపు, చింతామణికి పోదాం," అంటూ వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాడు. మిల్లీమీటర్ మామ నేలమీద మళ్ళీ కొలిస్తే రెండుపక్కలా సమానంగా ఇరవై చాలని తేలింది. మామ తన నేలని కాలితో రెండుసార్లు తట్టి నావైపు చూశాడు. సోమవారం నేను చిక్కబళ్ళాపురం బస్సెక్కాను. మొదటి వారంలోనే మా నాయన అంగడికి సరుకులకని మూడుసార్లు అక్కడికొచ్చాడు. మూడుసార్లూ ఉత్తచేతులతోనే తిరిగి వెళ్ళాడు.

మొన్న నా కూతురు పూనాలో ఉద్యోగానికి అర్జీ నింపి, "తప్పులుంటే చూడు నాయనా," అని నా చేతికిచ్చింది. పుట్టిన సంవత్సరం తప్పు రాసింది. చూశాను. చూసి, "కాఫీ ఉండాదామ్మా?" అన్నాను. తెచ్చింది. ఆ గ్లాసుని నేను ఎంత నెమ్మదిగా తాగగలనో అంత నెమ్మదిగా తాగి, అప్పుడు చెప్పాను సంవత్సరం తప్పని. వారం రోజులు నోరు మెదపని మా నాయనకన్నా నేను మంచివాణ్ణని మాత్రం అనుకోను. కాఫీ అయిపోయింది, అంతే.