ఇరవై నాలుగు డిగ్రీల తాతయ్య

మా తాతయ్యకు లోకంలో ఒకటే పట్టింపు: హాల్లోని చేపల తొట్టెలో నీళ్లు ఇరవై నాలుగు డిగ్రీలు ఉండాలి. అన్నం మాడినా, పైకప్పు కారినా ఆయన చలించడు. ఆ నీళ్లు మాత్రం వేడెక్కకూడదు, చల్లబడకూడదు. పొద్దున్నే ఎవరైనా నిద్ర బాగా పట్టిందా అని అడిగితే, "ఇరవై నాలుగు" అనేవాడు. పట్టిందని అర్థం. ఇరవై మూడున్నర అంటే ఆ రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వకూడదు.

బస్సు కండక్టరుగా పని చేసి దిగిపోయిన మనిషి. బస్సు పోయింది కానీ గొంతు పోలేదు. వీధి తలుపు కిర్రుమంటే చాలు, హాల్లోంచి కేక వినబడేది: "లోపలికి జరగండి, తలుపు." చుట్టాలైనా పాలవాడైనా గబుక్కున లోపలికి జరగాల్సిందే. ఒకసారి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన ఆ కేక విని, అలవాటు కొద్దీ చిల్లర కోసం జేబు తడుముకున్నాడు.

తొట్టెలో మూడు బంగారు చేపలు. ఎప్పుడూ ముందు పోయేది డ్రైవరు. కనబడ్డదాన్నల్లా మూతితో పొడిచి చూసేది చెకింగు. మనిషి అలికిడికే నాచు వెనక నక్కేది టికెట్టు లేనోడు. పేర్లన్నీ తాతయ్యవే.

ఆయన సేవ చూస్తే ఎగతాళి చేద్దామని తెరిచిన నోరు అలా తెరిచే ఉండిపోయేది. నీళ్లు మార్చాలంటే ముందు రోజే బకెట్టు నింపి తొట్టె పక్కన పెట్టేవాడు. పాతనీళ్లూ కొత్తనీళ్లూ ఒకే గదిలో కాపురం చేస్తే తప్ప కలపకూడదట. కరెంటు పోతే దీపం వెలిగించి, తన దుప్పటి తొట్టెకు మూడువైపులా చుట్టి, తను మోకాళ్లు ముడుచుకుని ఎదురుగా కూర్చునేవాడు. అరచెయ్యి అద్దానికి ఆనించి, కళ్లు మూసుకుని, అర డిగ్రీ తగ్గిందనేవాడు. థర్మామీటరు చూస్తే తగ్గే ఉండేది. ఆ దీపం వెలుగులో నీళ్లు తొణక్కుండా, బెణక్కుండా, మధ్యలో మూడు నిప్పురవ్వలు ఆరకుండా తిరుగుతుంటే మేం ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలేవాళ్లం.

ఇక నానమ్మది గాలి మతం. గాలాడని ఇల్లు కోళ్లగూడు అనేది. వీధికుక్కలు కూడా వణికే చలిలో కిటికీలు బార్లా తెరిచేది. బస్సుల్లో ఎంతమందిని అదిలించాడో కానీ, ఆవిడ ముందు తాతయ్య ఈల మోగేది కాదు. కూరలో ఉప్పు లేకపోయినా సరిపోయిందనేవాడు. అలాంటివాడు చేపలు తెచ్చిన రోజున హాలు కిటికీ మూసి, గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "నా కోసం కాదే. నోరులేని జీవాలు," అన్నాడు. ఇల్లంతా నివ్వెరపోయింది. నోరులేని జీవాలన్న మాటకు నానమ్మ వెనక్కి తగ్గింది. అప్పటికి.

ఆ హాల్లోనే మా అమ్మ కుట్టుమిషను ఉండేది. ఎండలు మండే ఊరి నుంచి వచ్చిన కోడలు. ఎవరు ఏం అడిగినా "ఫర్వాలేదండి" తప్ప ఇంకో మాట రాదు. తాతయ్య ఓ చిన్న హీటరు కొనుక్కొచ్చి, తొట్టె వైపు కాకుండా ఆ మిషను వైపు తిప్పి పెట్టాడు. అదేంటి తాతయ్యా అంటే, చేపలకు వేడి నేరుగా తగలకూడదనీ, అటు వెళ్లి, చుట్టూ తిరిగి, నెమ్మదిగా రావాలనీ చెప్పాడు. బస్సు రూటు చెప్పినంత ధీమాగా చెప్పాడు కాబట్టి నమ్మేశాం.

మూసిన హాల్లో నానమ్మకు ఊపిరాడలేదు. మరుసటి చలికాలం మొదలవుతూనే ఆవిడ తీర్పు చెప్పేసింది. తొట్టె వరండాలోకి పోవాలి, హాలు కిటికీ తెరుచుకోవాలి. మోయించడానికి చేపల దుకాణం అతన్ని పిలిపించింది కూడా. తాతయ్య ఆ పూట అన్నం సగంలోనే లేచాడు. వరండాలో చేపలు చచ్చిపోతాయని అతని చేత చెప్పించాలని గేటు దగ్గరే కాపు కాశాడు. కానీ అతన్ని చెవి పట్టుకున్నట్టు లోపలికి తీసుకొచ్చింది నానమ్మే.

"ఇవి వరండాలో బతుకుతాయా, బతకవా? ఉన్నమాట చెప్పు," అంది.

అతను తొట్టెలోకి వంగి చూశాడు. "నిక్షేపంగా బతుకుతాయమ్మా. చల్లనీళ్ల జాతి ఇది. నీళ్లు ఒక్కసారిగా మారకపోతే చాలు, చలి వీటినేం చెయ్యదు. అసలు ఈ హీటరు ఎందుకు పెట్టారండీ?"

తాతయ్య థర్మామీటరు వైపు చూశాడు. అదీ ఆయన్ని ఆదుకోలేదు. మిషను చప్పుడు ఆగిపోయింది.

నానమ్మ హీటరును చూసింది. దాని మూతి ఎటుందో చూసింది. ఆ మూతికి ఎదురుగా ఉన్న కోడలి చేతులు చూసింది. చేపలు రాకముందు చలికాలంలో ఆ వేళ్లు కొయ్యబారి, సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్ని పిలిచేవి. నోటి ఆవిరి పట్టుకుని మళ్లీ కుట్టేవి. చేపలు వచ్చాక మమ్మల్ని ఎవరూ పిలవలేదు. పిలుపు ఎందుకు ఆగిందో మాకెవరికీ తట్టలేదు.

అప్పుడు నానమ్మ, చేపల దుకాణం అతని వైపు తిరిగింది.

"నీకేం తెలుసయ్యా. మా చేపలు వేరు. చలికి తట్టుకోలేవు. పైగా చలేస్తోందని నోరు తెరిచి చెప్పి చావవు."

అని, వెళ్లి హాలు పక్కనున్న వంటింటి కిటికీ కూడా మూసింది. మా అమ్మ తల వంచుకుని, కుట్టిన చోటే మళ్లీ కుట్టింది. తాతయ్య తన భార్యను, కొండ కదిలితే చూసినట్టు చూస్తూ నిలబడిపోయాడు.

"ఎంతుంది?" అంది నానమ్మ, ఆయన వైపు చూడకుండా.

"ఇరవై నాలుగు," అన్నాడు. గొంతు మాత్రం రెండు డిగ్రీలు అటూఇటూ అయింది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరూ చలేస్తోందని అనరు. చేపలకు చలేస్తోంది అంటారు. ఎవరో ఒకరు లేచి తలుపు వేస్తారు. మొన్నొక సాయంత్రం గాలి మతం పెద్దావిడే కొంగు భుజాల చుట్టూ లాక్కుంటూ వచ్చి, "ఏమండీ, చేపలకు చలేస్తున్నట్టుంది," అంది.

తాతయ్య తొట్టె వైపు కన్నెత్తి కూడా చూడలేదు. హీటరు మూతి ఆవిడ వైపు తిప్పి, "లోపలికి జరుగు," అన్నాడు.